మొగుని సంతకం

1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షన్, ప్రాణాపాయం లేకుండా కడుపు తీయించుకున్న ఆడదాన్ని నేరస్తురాల్ని చేసింది. 1971 చట్టం ఇరవై వారాల లోపు, డాక్టరు ఒప్పుకుంటే, దారి ఇచ్చింది. పద్దెనిమిది నిండినామెకు తన సమ్మతి చాలు. మొగుని సంతకం అందులో ఎక్కడా లేదు.

ఆ ముక్క పుంగనూరు పక్కన మా మాలపల్లెకు ఎవురూ చెప్పలేదు. 1984లో మాయమ్మకు అనుకోని ఐదో కడుపు. కూలికి పోతేనే మాకు సంగటి. మదనపల్లెలో ఒక ఆస్పత్రికి పోతే "నీ మొగుని సంతకం తేపో" అన్నారంట. నాయనేమో కుప్పం కాడ రాళ్లు కొడతా ఉండాడు. ఆయన వచ్చేసరికి ఐదు నెలలు దాటిపోయినాయి. ఇంక మంత్రసాని నాటుమందే దిక్కయింది. మాయమ్మ బతికింది గానీ, మళ్లీ నడుం వంచి నాటు వెయ్యలేకపోయింది.

2022లో సుప్రీంకోర్టు కూడా ఇంటోళ్ల సమ్మతి అడగడం చట్టంలో లేని షరతేనంది. వాడల్లోకి పోయే మీరు ఈ మాట మన ఆడోళ్లకు చెప్పండి.