బంధువులకు చూపిన ఊరు: ఫార్మింగ్టన్ హిల్స్

ఇంటికి చుట్టాలు వస్తే ఊరు చూపించడం మనవారిలో పాత ఆచారం. మారిషస్‌లో మన పెద్దలు చుట్టాలను ముందు గుడికి, తరువాత చెరకు తోటల గట్టుకు, చివరకు సముద్రానికి తీసుకొని వెళ్ళేవారు. ఇప్పుడు మేము కాపురముంటున్న ఊరు అమెరికాలో, మిచిగన్ రాష్ట్రంలో, డిట్రాయిట్ నగరానికి వాయవ్యంగా ఉన్న ఫార్మింగ్టన్ హిల్స్. ఇక్కడ సముద్రం లేదు, చెరకు లేదు. 2025 జూలై మొదటి వారంలో పక్క ఊరు నోవైలో తానా మహాసభలు జరిగినప్పుడు మా మావయ్య, అత్తయ్య, వారి మనవరాలు రోజ్ బెల్ నుంచి వచ్చి మా ఇంట్లో రెండు వారాలు ఉన్నారు. సభలు మూడు రోజులలో ముగిసినవి. మిగిలిన రోజులలో వారికి ఏమి చూపాలో మాకు తోచలేదు. ఈ ఊళ్ళో ఇళ్ళు, చెట్లు, దుకాణాలు తప్ప చూడదగ్గది ఏముందని మేమూ అనుకొనేవాళ్ళమే.

కారు ఎక్కగానే మావయ్య అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఈ నేల ముందు ఎవరిది? ఎవరు ఎవరిచేత పని చేయించుకున్నారు?" తోటలో పుట్టి పెరిగిన మనిషి అడిగే ప్రశ్న అది. దానికి జవాబు చెప్పడానికని మేము ఈ ఊరి చరిత్ర చదువుకోవలసి వచ్చింది. చదివినది, చూపినది, చూపుతూ మేము నేర్చుకొన్నది మన పత్రిక చదువరులతో పంచుకొంటున్నాము.

ముందుగా రోడ్ల సంగతి. ఇక్కడ తూర్పు పడమరలుగా పోయే పెద్ద రోడ్లకు పేర్లు లేవు, అంకెలే ఉన్నవి. ఎనిమిదో మైలు రోడ్డు, తొమ్మిదో మైలు రోడ్డు, అట్లా పధ్నాలుగో మైలు వరకు. డిట్రాయిట్ నడిబొడ్డునుంచి లెక్కించిన మైళ్ళు అవి. దక్షిణాన ఎనిమిది, ఉత్తరాన పధ్నాలుగు మా ఊరికి పొలిమేరలు. అంటే సరిగ్గా ఆరు మైళ్ళు. 1785లో అమెరికా ప్రభుత్వం చేసిన భూమి చట్టం ప్రకారం పడమటి నేలనంతా ఆరు మైళ్ళ చదరాలుగా కొలిచి అమ్మినారు. ఎనిమిదో మైలు రోడ్డే మిచిగన్ సర్వేకు ఆధార రేఖ. కొలవక ముందు ఈ నేల ఆదివాసులది. 1807 నాటి డిట్రాయిట్ ఒడంబడికలో ఒడావా, ఓజిబ్వే, వయండాట్, పొటావాటమీ జాతులవారు ఈ ప్రాంతాన్ని వదులుకోవలసి వచ్చింది. చదరాల మధ్య అడ్డంగా, వంకరగా పోయే గ్రాండ్ రివర్, షియావసీ, ఆర్చర్డ్ లేక్ రోడ్లు మాత్రం వారు నడిచిన కాలిబాటల గుర్తులు. "గీత ప్రకారం పోని దారి కనబడితే అది అసలు వాళ్ళదన్నమాట" అన్నాడు మావయ్య. ఆ మాట విన్న తరువాత ఆ రోడ్లమీద మేము ఇదివరకటిలా కారు నడపలేకపోతున్నాము.

1824లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ నుంచి ఆర్థర్ పవర్ అనే క్వేకరు ఇక్కడకు వచ్చి అడవి కొట్టించి ఊరు కట్టినాడు. తాను విడిచివచ్చిన ఊరి పేరునే కొత్త ఊరికి పెట్టినాడు. కొంతకాలం దీనిని క్వేకర్ టౌన్ అని కూడా పిలిచేవారు. క్వేకర్లు యుద్ధాన్ని, బానిసత్వాన్ని ఒప్పుకోని క్రైస్తవులు. ఆర్థర్ కుమారుడు నేథన్ పవర్ బానిసత్వాన్ని తుదముట్టించాలని పాటుపడినవాడు. దక్షిణ రాష్ట్రాలలో యజమానుల చెరనుంచి తప్పించుకొని పారిపోయి వచ్చే నల్లవారికి తిండి పెట్టి, దాచి, రాత్రివేళ దాటించిన ఊళ్ళలో ఫార్మింగ్టన్ ఒకటి. ఇక్కడినుంచి డిట్రాయిట్ చేరితే చాలు. అక్కడ నది ఉంది. నదికి అవతల కెనడా. అక్కడ బ్రిటిషు చట్టం నడుస్తుంది గనుక బానిసత్వం లేదు. దీనికంతటికీ "భూగర్భ రైలుమార్గం" అని మారుపేరు పెట్టుకొన్నారు. నిజంగా రైలూ లేదు, సొరంగమూ లేదు. మనుషులే ఉన్నారు. ఆ రహస్య భాషలో డిట్రాయిట్‌కు "అర్ధరాత్రి" అని పేరు.

మరునాడు డిట్రాయిట్ నది ఒడ్డున హార్ట్ ప్లాజాకు వెళ్ళినాము. పారిపోయి వచ్చినవారు నదివైపు చూస్తున్నట్టు ఎడ్ డ్వైట్ అనే శిల్పి చేసిన కంచు విగ్రహాలను 2001లో అక్కడ నిలబెట్టినారు. అవతలి గట్టున విండ్సర్ నగరం కనబడుతూనే ఉంటుంది. మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మనవరాలితో ఇట్లా అన్నాడు: "బ్రిటిషువాళ్ళు 1833లో చేసిన చట్టమే గదా ఇది. ఆ చట్టంవల్ల ఈ గట్టున ఉన్నవాళ్ళకు ఆ గట్టు దొరికింది. అదే చట్టం మారిషస్‌లో 1835 ఫిబ్రవరిలో అమలుకు వచ్చింది. తోటల్లో బానిసలు పోయారు, దొరలకు పనివాళ్ళు కావలసివచ్చారు. మనం దొరికాము."

చరిత్ర పుస్తకాలలో ఈ రెండు సంగతులూ వేరువేరు అధ్యాయాలలో ఉంటవి. ఒకే చట్టానికి అవి రెండు ముఖాలని ఆ నది ఒడ్డున మాకు మొదటిసారి తోచింది. 1834 నవంబరు 2న అట్లాస్ ఓడలో మొదటి ఒప్పంద కూలీలు పోర్ట్ లూయీ చేరింది మొదలు 1910 వరకు సుమారు 4 లక్షల 50 వేలమంది మారిషస్‌కు వచ్చినారు. వారిలో కోరంగి రేవులో ఓడ ఎక్కిన మనవారికి "కోరంగి" అనే పేరు పడింది. మగవాడికి నెలకు 5 రూపాయలు జీతం. ఒక రోజు పనికి పోకపోతే రెండు రోజుల కూలి కోత. 1867 చట్టం తరువాత ఒప్పందం తీరిన పాత కూలీ కూడా ఫోటో ఉన్న చీటీ లేకుండా రోడ్డుమీద నడవరాదు. అమెరికాలో 1850 చట్టం పారిపోయిన బానిసను పట్టి అప్పగించమంటే, మారిషస్‌లో చీటీ లేని కూలీని దిమ్మరి అని జైలులో పెట్టినారు. బానిసత్వమూ ఒప్పందపు కూలీ ఒకటేనని మేము అనడం లేదు. మన తాతలను సంతలో అమ్మలేదు, వారి పిల్లలు దొర ఆస్తి కాలేదు. ఆ తేడా చాలా పెద్దది. కాని రెంటికీ తోట ఒక్కటే.

మూడవ రోజు బాట్స్‌ఫర్డ్ సత్రం చూపినాము. గ్రాండ్ రివర్ రోడ్డు మీద 1836లో కట్టిన ఇల్లు అది. తరువాత బండ్లమీద పోయేవారికి సత్రమైంది. 1924లో మోటారు కార్ల హెన్రీ ఫోర్డు దానిని కొన్నాడు. ఫోర్డు 1914లో కార్మికులకు రోజుకు 5 డాలర్లు, ఎనిమిది గంటల పని అని ప్రకటించి లోకాన్ని ఆశ్చర్యపరచినాడు. "మనకు నెలకు ఐదు, వీళ్ళకు రోజుకు ఐదు" అని అత్తయ్య నవ్వింది. అయితే ఆ డబ్బు పూర్తిగా రావాలంటే కార్మికుడు తాగకూడదు, ఇల్లు శుభ్రంగా ఉండాలి, పొదుపు చేయాలి. ఇవన్నీ ఇంటికి వచ్చి తనిఖీ చేసే ఉద్యోగులను కంపెనీ పెట్టింది. అది వినగానే అత్తయ్య నవ్వు ఆగింది. "క్యాంపులో సర్దారు కూడా పొయ్యిలోకి తొంగిచూసేవాడట" అన్నది.

ఫార్మింగ్టన్ హిల్స్ నగరంగా ఏర్పడింది 1973లో. అదే సంవత్సరం డిట్రాయిట్ ప్రజలు కోల్మన్ యంగ్‌ను తమ మొదటి నల్లజాతి మేయరుగా ఎన్నుకొన్నారు. 1967 నాటి అల్లర్ల తరువాత తెల్లవారు ఎనిమిదో మైలు దాటి ఉత్తరానికి తరలిపోవడం మరింత పెరిగింది. 1950లో 18 లక్షలు దాటిన డిట్రాయిట్ జనాభా 2020 నాటికి 6 లక్షల 40 వేలకు పడిపోయింది. మా ఊరిది ఆ ఏడు సుమారు 84 వేలు. ఎనిమిదో మైలుకు దగ్గరలో, డిట్రాయిట్ లోపల, 1941లో కట్టిన గోడ ఒకటి ఇంకా ఉన్నది. నల్లవారి ఇళ్ళకూ తెల్లవారికోసం వేసిన కొత్త ఇళ్ళకూ మధ్య అరమైలు పొడవున అది కట్టినారు. ఇప్పుడు దానిమీద రంగుల బొమ్మలు వేసి ఉన్నవి. మేము ఇల్లు కొనుక్కొన్నది ఆ రేఖకు ఏ వైపున అన్నది కూడా చుట్టాలకు దాచకుండా చెప్పినాము. చదువుకొని, ఉద్యోగంతో, 1965 చట్టం తెరచిన తలుపులోనుంచి వచ్చిన మనవారు దిగింది ఉత్తరపు వైపునే. 1917లో అమెరికా మనవారికి తలుపు మూసింది. ఒప్పందపు కూలీల ఓడలు ఆగినది కూడా 1917లోనే. ఆ తలుపు తిరిగి బాగా తెరుచుకొనడానికి మరి 48 ఏళ్ళు పట్టింది.

ఆర్చర్డ్ లేక్ రోడ్డులో 2004 నుంచి ఉన్న యూదుల మారణహోమ స్మారక కేంద్రానికి కూడా వెళ్ళినాము. లోపల ఉన్నంతసేపు ఎవరమూ దేనినీ మన కథతో పోల్చలేదు. బయటకు వచ్చి మావయ్య, "వీళ్ళు పేర్లు రాసి పెట్టుకొన్నారు. మనమూ రాసుకోవాలి" అని మాత్రం అన్నాడు.

చివరి ఆదివారం నోవైలోని వేంకటేశ్వర ఆలయానికి పోయినాము. ప్రసాదం దగ్గర ఒక యువకుడు మర్యాదగా, "మీది ఏ ఊరండీ?" అని అడిగినాడు. మావయ్య "కోరంగి" అన్నాడు. "కాకినాడ పక్కనే గదండీ! అక్కడ మీవాళ్ళు ఎవరున్నారు?" అన్నాడతడు. మావయ్య కొంచెం ఆగి, "అది ఓడ ఎక్కిన రేవు బాబూ. ఊరు ఏదో మాకు తెలియదు" అన్నాడు. ఆ అబ్బాయికి ఏమనాలో తెలియలేదు, మాకూ తెలియలేదు. మాది అని చెప్పుకొనే మాట ఊరిది కాదు, ఊరు విడిచిన చోటిది.

అప్పుడే ఇంకొకటి జరిగింది. గోడమీద తెలుగులో రాసి ఉన్న సేవల పట్టికను మనవరాలు గడగడ చదివింది. మారిషస్ బడిలో తెలుగు నేర్చుకొన్న పిల్ల. మా అబ్బాయి పక్కనే నిలబడి చూస్తున్నాడు. వేలకొద్దీ తెలుగువారి మధ్య పెరుగుతున్నా వాడికి అక్షరం రాదు. మా నిర్లక్ష్యం తప్ప దీనికి వేరే కారణం లేదు. చెరకు తోటలో పగలంతా పనిచేసి రాత్రి దీపం చుట్టూ రామభజన చేసి, సింహాద్రి అప్పన్నను తలచి, మన పెద్దలు నూట ఎనభై ఏళ్ళు కాపాడినదాన్ని, అన్ని సౌకర్యాలూ ఉన్న ఊళ్ళో మేము పదిహేనేళ్ళలో జారవిడుచుకొన్నాము.

మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో మన పూర్వుల వలస దస్త్రాలు భద్రంగా ఉన్నవి. అంకె, పేరు, తండ్రి పేరు, జిల్లా అందులో దొరికే అవకాశమున్నది. రోజ్ బెల్ తిరిగి వెళ్ళగానే మా ముత్తాత అంకెతో అక్కడికి పోతానని మావయ్య మాట ఇచ్చినాడు. చదువరులు కూడా తమ ఇళ్ళలోని పాత చీటీలు ఒకసారి తీసి చూడవలెనని మా మనవి.

చుట్టాలు వెళ్ళిన మరునాటినుంచి మా అబ్బాయి పలక పట్టినాడు. వాడితోపాటు మేమూ కూర్చుంటున్నాము. మావయ్యనుంచి ఊరి పేరు రాసిన ఉత్తరం వచ్చినప్పుడు దాన్ని వాడే చదవాలని మా ఆశ.