ఎడారిలో వాన, ఖఫ్జీలో సైకిలు

గల్ఫ్ అనగానే మనవాళ్ళకు మొదట గుర్తొచ్చేది ఎండ. ఆ తరవాతే ఇసుక, ఒంటె, పెట్రోలు. సౌదీ వెళ్ళేవాడు పెట్టెలో స్వెట్టరు సర్దుకుంటే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. కాని సౌదీ ఈశాన్య మూలన, కువైట్ సరిహద్దుకు దగ్గరగా, సముద్రపు ఒడ్డున ఉన్న ఖఫ్జీలో జనవరి తెల్లవారుజామున వానలో సైకిలు తొక్కుకుంటూ డ్యూటీకి వెళ్ళినవాణ్ణి అడగండి, వేరే కథ చెప్తాడు. ఖఫ్జీ చమురు గురించి పుస్తకాలున్నాయి, ఖఫ్జీ యుద్ధం గురించి ఇంకా ఎక్కువ ఉన్నాయి. సైకిలు మనిషి గురించి మాత్రం మనమే ఏరుకోవాలి.

ముందు ఊరి సంగతి చూద్దాం. 1922లో బ్రిటిష్ వారు ఉఖైర్ ఒప్పందంలో సరిహద్దులు గీసినప్పుడు, ఈ ప్రాంతం ఎవరిదో తేలక ‘తటస్థ మండలం’ అన్నారు. పశువుల్ని మేపుకునేవాళ్ళు అటూ ఇటూ తిరగాలి కదా, అందుకని ఉమ్మడిగా ఉంచారు. కింద చమురుందని అప్పటికి ఎవరికీ తెలియదు. జపాను వారి అరేబియన్ ఆయిల్ కంపెనీ 1957లో సౌదీతోను, 1958లో కువైట్‌తోను ఒప్పందం చేసుకుని, 1960లో ఖఫ్జీ ఎదుట సముద్రంలో చమురు కనిపెట్టింది. 1965లో మండలాన్ని రెండుగా పంచుకుంటే ఖఫ్జీ సౌదీ వాటాకు వచ్చింది. చమురు ఆదాయం మాత్రం చెరిసగం. రెండు దేశాల ఉమ్మడి ఆస్తిని జపాను కంపెనీ తవ్వితే, ఆ చుట్టూ పెరిగిన ఊళ్ళో పనికి ఆసియా దేశాలవాళ్ళు చేరారు.

1973 తరవాత చమురు ధర పెరిగి, గల్ఫ్‌లో కట్టడాల పని పెరిగింది. మన కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వేలమంది బయలుదేరారు. ఈ రాకపోకల కోసమే 1983లో భారత ప్రభుత్వం కొత్త వలస చట్టం చేసింది. పెద్ద కంపెనీలో పని దొరికినవాణ్ణి క్యాంపు నుంచి సైటుకు బస్సు తీసుకెళ్ళేది. బస్సు లేని పనులూ బోలెడు ఉన్నాయి. హోటలు వంటవాడు, దర్జీ, తోటమాలి, వీధులు ఊడ్చేవాడు, గ్యారేజీ కుర్రాడు, వీళ్ళకు రూముకీ పనికీ మధ్య రెండు మూడు కిలోమీటర్లు. టాక్సీకి పెడితే ఇంటికి పంపే డబ్బు తరిగిపోతుంది. కారు కొనే స్తోమతు లేదు, లైసెన్సూ లేదు. మిగిలింది సైకిలు.

సైకిలు వాడికి కొత్త కాదు. కాలు అందని వయసులో కడ్డీ కిందినుంచి కాలు దూర్చి నేర్చుకున్నదే. అద్దె షాపులో గంటకింత అని తీసుకుని, మున్సిపాలిటీ బిళ్ళ లేకుండా పట్టుబడి, దీపం లేదని పోలీసుతో చీవాట్లు తిన్నవాడే. తెలియనిది అక్కడి చలి.

నవంబరు నుంచి మార్చి దాకా ఉత్తరాది నుంచి చల్లగాలులు దిగుతాయి. వాయవ్యం నుంచి వీచే గాలిని అరబ్బులు ‘షమాల్’ అంటారు. ఆ మాటకు ఉత్తరం అనే అర్థం. డిసెంబరు మొదటివారంతో మొదలయ్యే నలభై రోజుల చలిని ‘మురబ్బానియ’ అంటారు. రాత్రిళ్ళు 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. అమెరికాలో మంచు తవ్వుకునేవాళ్ళకు ఇదొక చలా అనిపించవచ్చు. కాని లెక్క చూడండి. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో 15 కిలోమీటర్ల వేగంతో తొక్కేవాడి ఒంటికి తగిలేది 35 కిలోమీటర్ల గాలి. బట్ట తడిసి ఉంటే ఆ గాలి ఒంట్లోని వేడిని లాగేస్తుంది.

వాన తక్కువే. ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్లు. మన కోస్తాలో తుపాను వస్తే ఒక్క రోజులో అంత పడుతుంది. తక్కువ కాబట్టే ప్రమాదం. ఎండలకు తట్టుకునేలా కట్టిన ఊళ్ళలో నీరు పోయే దారులు చాలవు. తీరం వెంబడి ‘సబ్ఖా’ అనే ఉప్పునేలలో అడుగున నీరు పైకే ఉంటుంది కనుక, పడిన వాన ఇంకదు. 2009 నవంబరులో జెద్దాలో కొద్ది గంటల వానకే వందమందికి పైగా చనిపోయారు. రోడ్డు మీద నెలల తరబడి పేరుకున్న నూనె మొదటి చినుకుకే జారుడవుతుంది. తడిసిన స్టీలు రిమ్ము మీద బ్రేకు పట్టదు. తడి టైరు మీద డైనమో జారి, వెలుతురు కావలసినప్పుడే దీపం ఆరిపోతుంది. గొలుసును ఉప్పుగాలి తినేస్తుంది. పక్కనుంచి లారీ నీళ్ళు చిమ్ముకుంటూ పోతుంది.

ఇక్కడొక విచిత్రం గమనించాలి. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకు, నెదర్లాండ్స్‌కు చమురు ఆపేశాయి. నెదర్లాండ్స్ ప్రభుత్వం నవంబరు 4 నుంచి కొన్ని ఆదివారాలు కార్లను నిషేధించింది. జనం సైకిళ్ళతో రోడ్డెక్కారు. రోడ్డు ప్రమాదాల్లో పిల్లలు చనిపోతున్నారని అప్పటికే జరుగుతున్న ఉద్యమానికి అది బలమిచ్చింది. తరవాత అక్కడ సైకిలుకు వేరే దారులు వచ్చాయి. వాన పడినా, చలి వేసినా ఈనాటికీ తొక్కుతున్నారు. చమురు ఆగితే డచ్చివాడు సైకిలెక్కాడు, చమురు పారితే తెలుగువాడు సైకిలెక్కాడు. మొదటివాడికి ఓటుంది, అడిగి దారి వేయించుకున్నాడు. రెండోవాడు పరాయి దేశంలో కఫీలు చేతి కింద ఉన్నవాడు, ఎవర్ని అడుగుతాడు?

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. కువైట్ నుంచి లక్షా డెబ్భై వేలమంది భారతీయుల్ని ఎక్కువగా జోర్డాన్ మీదుగా ఇంటికి చేర్చారు. 1991 జనవరి 29 రాత్రి ఇరాకీ సేనలు ఖఫ్జీలో ప్రవేశించాయి. జనాన్ని ముందే ఖాళీ చేయించారు. ఫిబ్రవరి 1కల్లా సౌదీ, కతార్ దళాలు అమెరికా సాయంతో ఊరిని తిరిగి తీసుకున్నాయి. కువైట్‌లో 600కు పైగా బావులు తగలబడి, నవంబరు దాకా మండాయి. ఆ పొగ ఈ తీరం మీదికి వచ్చింది. ఆ ప్రాంతంలో మసి కలిసిన వాన పడింది. ఊరు మళ్ళీ నిలబడ్డాక మళ్ళీ కూలివాడే కావలసి వచ్చాడు.

2000లో జపాను కంపెనీ సౌదీ ఒప్పందం ముగిసింది. 2014 అక్టోబరులో ఉత్పత్తి ఆగి, 2019 చివర రెండు దేశాలు రాజీపడ్డాక, 2020లో మొదలైంది. అయిదేళ్ళు చమురు రాలేదన్న సంగతి ప్రపంచ పత్రికల్లో పడింది. ఆ ఏళ్ళలో ఊళ్ళో చిన్న చిన్న పనులవాళ్ళు ఎలా గడిపారో రాసినవాళ్ళు కనపడరు.

మనలో గల్ఫ్ మీదుగా అమెరికా చేరినవాళ్ళున్నారు. గల్ఫ్ సొమ్ముతో చదువుకున్న పిల్లలు ఇంకా ఎక్కువమంది. నాన్ననో, మేనమామనో ఈసారి ఫోనులో ‘ఎంత సంపాదించావు’ అని కాకుండా ‘పనికి ఎలా వెళ్ళేవాడివి, వాన పడితే ఏం చేసేవాడివి’ అని అడిగి చూడండి. చెప్పింది తేదీతో సహా రాసి పెట్టండి. చమురు లెక్కలు కంపెనీల దగ్గర భద్రంగానే ఉన్నాయి. ఈ లెక్క ఆ మనుషుల దగ్గర మాత్రమే ఉంది, వాళ్ళకు వయసు పైబడుతోంది.