విండోస్ ఇన్‌ప్లేస్ అప్‌గ్రేడ్

కంప్యూటర్‌లోని ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగులు చెరిగిపోకుండా పాత విండోస్ మీదే కొత్త వెర్షన్‌ను ఎక్కించే పద్ధతి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగియడంతో ఇళ్లలో దీని అవసరం పెరిగింది.

విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, ఆమోదిత జాబితాలోని ప్రాసెసర్, టీపీఎం 2.0 భద్రతా చిప్ కావాలి. పాత కంప్యూటర్లు ఎక్కువగా ఆగిపోయేది చివరి రెండింటి దగ్గరే. టీపీఎం ఉండి కూడా బయోస్‌లో ఆఫ్ చేసి ఉండవచ్చు. కొత్త కంప్యూటర్ కొనాలనుకునే ముందు అది తప్పక చూసుకోవాలి.

సెటప్‌ను నడుస్తున్న విండోస్ లోపలి నుంచే ప్రారంభించాలి. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఎక్కిస్తే పాత ప్రోగ్రాములు మిగలవు. ఏమేం ఉంచాలో అడిగే తెర మీద వ్యక్తిగత ఫైళ్లు, యాప్‌లు రెండూ ఉంచే ఎంపికకే టిక్ ఉండాలి. అసలు జాగ్రత్త పడాల్సిన చోటు ఇదే. పాత వ్యవస్థ ‘విండోస్.ఓల్డ్’ ఫోల్డర్‌లోకి చేరుతుంది. నచ్చకపోతే సాధారణంగా 10 రోజుల్లోగా వెనక్కి వెళ్లవచ్చు.

ఈ పద్ధతి బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాదు. మధ్యలో కరెంటు పోవచ్చు, డిస్కు మొరాయించవచ్చు. ఫొటోలు, పత్రాలు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకుని, డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ వాడుతుంటే దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకున్నాకే మొదలుపెట్టండి.