రీసైకిల్ బిన్

రీసైకిల్ బిన్ అనేది మైక్రోసాఫ్ట్ విండోస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో, వాడుకరి తొలగించిన ఫైళ్ళను, ఫోల్డర్లను తాత్కాలికంగా భద్రపరిచే ప్రత్యేక స్థానం. 1995 ఆగష్టు 24న విడుదలైన విండోస్ 95తో దీనిని ప్రవేశపెట్టారు. మాకింటోష్ కంప్యూటర్లలోనూ, లినక్స్‌లోనూ ఇటువంటి సదుపాయాన్ని సాధారణంగా ట్రాష్ అంటారు. పొరపాటున తొలగించిన ఫైలును తిరిగి పొందే అవకాశం కల్పించడం దీని ముఖ్యోద్దేశం. ఇందులో చేరిన ఫైళ్ళు హార్డ్ డిస్కుపై స్థలాన్ని ఆక్రమిస్తూనే ఉంటాయి కనుక దీనిని అప్పుడప్పుడూ ఖాళీ చేయవలసి ఉంటుంది. అయితే ఖాళీ చేసినంత మాత్రాన ఆ సమాచారం డిస్కు మీద నుండి చెరిగిపోయినట్లు కాదు.

చరిత్ర

తొలగించవలసిన ఫైళ్ళకు చెత్తబుట్ట బొమ్మను గుర్తుగా వాడే పద్ధతి 1983లో వచ్చిన యాపిల్ లిసా కంప్యూటర్‌లోనూ, 1984లో వచ్చిన మాకింటోష్‌లోనూ కనిపిస్తుంది. తొలినాటి మాకింటోష్‌లలో కంప్యూటరును ఆపివేసినప్పుడు ట్రాష్ దానంతట అదే ఖాళీ అయ్యేది. 1991లో వచ్చిన సిస్టమ్ 7 నుండి, వాడుకరి స్వయంగా ఖాళీ చేసేవరకు ఫైళ్ళు అందులోనే నిలిచి ఉండే ఏర్పాటు వచ్చింది.

మైక్రోసాఫ్ట్ వారి ఎమ్మెస్-డాస్‌లో ఇటువంటి బుట్ట లేదు. ఒక ఫైలును తొలగిస్తే, ఆ ఫైలు పేరులోని మొదటి అక్షరం స్థానంలో ఒక ప్రత్యేక గుర్తును ఉంచి, అది ఆక్రమించిన స్థలాన్ని ఖాళీగా నమోదు చేసేవారు. 1991లో విడుదలైన ఎమ్మెస్-డాస్ 5లో అన్‌డిలీట్ అనే ఆదేశాన్ని చేర్చారు. దీనితో ఫైలును తిరిగి తెచ్చుకోవాలంటే, చెరిగిపోయిన ఆ మొదటి అక్షరాన్ని వాడుకరి గుర్తు చేసుకొని టైపు చేయవలసి వచ్చేది. విండోస్ 95లోని రీసైకిల్ బిన్ ఈ శ్రమను తప్పించింది.

పనిచేయు విధానం

ఒక ఫైలును డిలీట్ చేసినప్పుడు అందులోని సమాచారం డిస్కుపై ఉన్నచోటనే ఉంటుంది. దాని చిరునామా మాత్రం పాత ఫోల్డరు నుండి, సాధారణంగా కంటికి కనిపించని మరొక ఫోల్డరుకు మారుతుంది. ఎంత పెద్ద ఫైలునైనా క్షణాలలో తొలగించగలగడానికి కారణం ఇదే. ఇటువంటి ఫోల్డరు ప్రతి డ్రైవుకూ విడిగా ఉంటుంది. డెస్క్‌టాప్‌పై కనిపించే ఐకాన్ వీటన్నిటినీ కలిపి చూపిస్తుంది.

విండోస్ విస్టా నుండి, తొలగించిన ప్రతి ఫైలుకూ రెండు ఫైళ్ళు ఏర్పడుతున్నాయి. ఒకదానిలో అసలు సమాచారం ఉంటుంది. రెండవదానిలో ఫైలు పాత పేరు, అది ఉండిన చోటు, దాని పరిమాణం, తొలగించిన సమయం నమోదై ఉంటాయి. రిస్టోర్ అనే ఆదేశం ఇచ్చినప్పుడు ఈ వివరాల ఆధారంగానే ఫైలు పూర్వస్థానానికి చేరుతుంది.

పరిమాణం

విండోస్ ఎక్స్‌పీలో, వాడుకరి మార్చనట్లయితే, ప్రతి డ్రైవులోనూ 10 శాతం స్థలాన్ని రీసైకిల్ బిన్‌కు కేటాయించేవారు. విస్టాలో ఈ లెక్కను మార్చి, మొదటి 40 గిగాబైట్లలో 10 శాతం, మిగిలినదానిలో 5 శాతం చొప్పున నిర్ణయించారు. ఈ లెక్కన 500 గిగాబైట్ల డ్రైవులో బిన్ గరిష్ఠంగా 27 గిగాబైట్ల వరకు పెరగవచ్చు. పరిమితి దాటినప్పుడు, అన్నిటికంటే ముందుగా తొలగించిన ఫైళ్ళు శాశ్వతంగా తొలగిపోతాయి. కావున రీసైకిల్ బిన్‌ను ఫైళ్ళు దాచుకునే చోటుగా వాడుకోవడం ప్రమాదకరం.

బిన్‌లోకి చేరని ఫైళ్ళు

ఈ క్రింది సందర్భాలలో తొలగించిన ఫైళ్ళు సాధారణంగా రీసైకిల్ బిన్‌లోకి చేరకుండా నేరుగా తొలగిపోతాయి.

* షిఫ్ట్, డిలీట్ మీటలను కలిపి నొక్కి తొలగించినవి
* పెన్ డ్రైవ్, మెమరీ కార్డుల వంటివాటినుండి తొలగించినవి
* నెట్‌వర్క్ ద్వారా మరొక కంప్యూటరులో తొలగించినవి
* కమాండ్ ప్రాంప్ట్‌లో ఆదేశం ద్వారా తొలగించినవి
* బిన్‌కు కేటాయించిన పరిమాణం కంటే పెద్దవి

ఖాళీ చేయడం

ఐకాన్‌పై మౌస్ కుడి బటన్ నొక్కి, ఎంప్టీ రీసైకిల్ బిన్ అనే అంశాన్ని ఎంచుకుంటే బిన్ ఖాళీ అవుతుంది. బిన్‌ను తెరిచి ఒక్కొక్క ఫైలును విడిగా కూడా తొలగించవచ్చు. ఖాళీ చేసేముందు ఫైళ్ళను తొలగించిన తేదీ క్రమంలో అమర్చి ఒకసారి పరిశీలించడం మంచిది. విండోస్ 98 నుండి డిస్క్ క్లీనప్ అనే ఉపకరణం ద్వారా కూడా ఈ పని చేసే వీలు కలిగింది. 2017లో విండోస్ 10కు చేర్చిన స్టోరేజ్ సెన్స్, బిన్‌లో నిర్ణీత దినాలకు మించి ఉన్న ఫైళ్ళను దానంతట అదే తొలగించగలదు.

బిన్ ఖాళీ చేస్తే కంప్యూటరు వేగం పెరుగుతుందనే అభిప్రాయం ఉంది. డిస్కు దాదాపు నిండిపోయిన స్థితిలో తప్ప దీనివలన వేగంలో చెప్పుకోదగిన మార్పు రాదు. అలాగే డెస్క్‌టాప్‌పై ఉన్న షార్ట్‌కట్‌ను తొలగిస్తే ఆ ప్రోగ్రామ్ తొలగిపోదు. దానిని అన్‌ఇన్‌స్టాల్ చేయవలసి ఉంటుంది.

ఖాళీ చేసిన తరువాత

డిస్కును ఒక పుస్తకంతో పోల్చవచ్చు. బిన్‌ను ఖాళీ చేయడమంటే విషయసూచికలో ఒక అధ్యాయం పేరు కొట్టివేయడం వంటిది. పుటలు మాత్రం అలాగే ఉంటాయి. వాటిపై కొత్త సమాచారం వ్రాసేవరకు పాతదానిని ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌తో చదివే అవకాశం ఉంది. కాబట్టి అవసరమైన ఫైలు పొరపాటున తొలగిపోయినప్పుడు ఆ డిస్కుపై మరేమీ వ్రాయకూడదు. ఫైళ్ళను వెలికితీసే సాఫ్ట్‌వేర్‌ను కూడా అదే డిస్కుపై స్థాపించరాదు.

ఎస్‌ఎస్‌డీలలో పరిస్థితి వేరు. 2009లో విడుదలైన విండోస్ 7 నుండి ట్రిమ్ అనే ఆదేశం ద్వారా, ఖాళీ అయిన స్థలం గురించి డ్రైవుకు తెలియజేస్తున్నారు. డ్రైవు ఆ భాగాలను తానే శుభ్రం చేసుకుంటుంది కనుక, వీటినుండి ఫైళ్ళను తిరిగి పొందడం చాలా కష్టం.

పాత కంప్యూటరును అమ్మేవారికి ఈ విషయం ముఖ్యమైనది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ వాడిన హార్డ్ డిస్కులను 158 కొని పరిశీలించి, 2003లో ఫలితాలను ప్రచురించారు. చదవగలిగిన 129 డిస్కులలో సమాచారాన్ని సక్రమంగా చెరిపివేసినవి 12 మాత్రమే. మిగిలిన వాటిలో క్రెడిట్ కార్డు సంఖ్యలు, వైద్య సంబంధమైన వివరాలు, వ్యక్తిగత ఉత్తరాలు కూడా లభించాయి. క్విక్ ఫార్మాట్ వలన కూడా ఈ సమాచారం చెరిగిపోదు. విస్టా నుండి పూర్తి ఫార్మాట్ చేసినప్పుడు డిస్కు అంతటా సున్నాలు వ్రాయబడతాయి. డిస్కును మొదటినుండీ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచడం మరొక రక్షణ మార్గం.

ఇతర వ్యవస్థలలో

మాక్ ఓఎస్‌లో ఉండిన సెక్యూర్ ఎంప్టీ ట్రాష్ సదుపాయాన్ని యాపిల్ 2015లో తొలగించింది. ఫ్లాష్ నిల్వలో అది పూర్తి నమ్మకంగా పనిచేయకపోవడం ఇందుకు కారణం. 2016లో వచ్చిన సియెర్రాలో, 30 దినాల తరువాత ట్రాష్‌లోని ఫైళ్ళు వాటంతట అవే తొలగిపోయే ఎంపికను చేర్చారు. జీమెయిల్ ట్రాష్‌లోని సందేశాలు 30 దినాల తరువాత తొలగిపోతాయి. గూగుల్ డ్రైవ్‌లో ఇదే నియమం 2020 అక్టోబరు 13 నుండి అమలులోకి వచ్చింది. అంతకుముందు, వాడుకరి ఖాళీ చేసేవరకు ఆ ఫైళ్ళు ట్రాష్‌లోనే ఉండేవి.

ఇవి కూడా చూడండి

* హార్డ్ డిస్క్
* ఆపరేటింగ్ సిస్టమ్
* మైక్రోసాఫ్ట్ విండోస్