సీటు వస్తే చాలదు, పట్టా చేతికి రావాలి
ఉమ్మడి పాలమూరు నుంచి 2016లో ఏర్పడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వలసకూలీల జిల్లాలు. ఇక్కడి దళిత బిడ్డ గురుకులంలో చదివి ఐఐటీ ర్యాంకు తెచ్చుకున్నా, సీటు ఖాయం కావాలంటే గడువులోగా డబ్బు కట్టాలి. 17,500 రూపాయలు సమయానికి కట్టలేక ఉత్తరప్రదేశ్ దళిత విద్యార్థి ఒకరు ధన్‌బాద్ ఐఐటీ సీటు పోగొట్టుకుంటే, 2024 సెప్టెంబర్ 30న సుప్రీంకోర్టు తిరిగి ఇప్పించింది. అందరూ కోర్టు దాకా వెళ్లగలరా?

ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీలకు ట్యూషన్ ఫీజు లేదు. మెస్ బిల్లు తప్పదు. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటని ఎస్సీ విద్యార్థుల్లో కొందరికి కేంద్రం టాప్‌క్లాస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. పరీక్ష తప్పి పై తరగతికి వెళ్లలేకపోతే అది ఆగిపోతుంది. తడబడినప్పుడే చెయ్యి వదిలేస్తే ఎలా? ర్యాంకర్లకు సన్మానాలు చేస్తే సరిపోదు. సీటు డబ్బు, మొదటి ఏడాది తోడు గురుకుల సొసైటీయే చూడాలని మేం కోరుతున్నాం.