ఏడు లోపు పెసరట్టు

విజయవాడ, సత్యనారాయణపురం. తెల్లవారుజామున ఐదున్నర. వీధి దీపాలు ఇంకా ఆరలేదు. పాల ప్యాకెట్ల ట్రేలు దించుతున్న కుర్రాణ్ణి దాటి నాలుగడుగులు వేయండి. ప్రహరీ అవతల గ్రైండర్ రాయి తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోందా? అదే. బోర్డు కోసం చూడకండి, లేదు. ఇంటి వరండాలోనే గ్యాసు పొయ్యి, నల్లటి పెద్ద పెనం, ఒక చెక్క బల్ల, నాలుగు ప్లాస్టిక్ స్టూళ్ళు.

"ఇడ్లీ పెట్టనా బాబూ, అట్టు వేయనా?"

"పెసరట్టే పెద్దమ్మా, ఉప్మాతో."

"కూర్చో, పెనం కాలనీ."

కూర్చోండి. కాకపోతే పెనం కనపడే వైపు కూర్చోండి. ఆవిడ చేత్తో నీళ్ళు చల్లింది. చుక్కలు చుయ్‌మని ఎగిరి ఆరిపోయాయి. నూనెలో ముంచిన సగం ఉల్లిపాయతో పెనం అంతా రుద్దింది. ఇప్పుడు గ్రైండర్ గిన్నెలోంచే పిండి తీసింది చూడండి, లేత పచ్చగా, కాస్త రవ్వ రవ్వగా. గరిటె పెనం నడుమ ఆనించి చుట్లు చుట్లుగా బయటికి లాగింది. పచ్చి పెసల వాసన ఒక్కసారి గుప్పుమంది. పైన ఉల్లిపాయ ముక్కలు, సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి, చిటికెడు జీలకర్ర. అట్లకాడ వెనక వైపుతో వాటిని పిండిలోకి నొక్కింది. అంచు చుట్టూ చెంచాడు నూనె. పచ్చివాసన పోయి కమ్మటి వాసన వచ్చేసరికి అంచు తనంతట తాను పెనాన్ని వదిలి పైకి లేచింది. అప్పటిదాకా ఆవిడ అట్లకాడ పెట్టలేదు. మధ్యలో గరిటెడు ఉప్మా, మడత, పళ్ళెంలో అల్లం పచ్చడి.

తుంచండి. అంచు కరకరలాడుతుంది, మధ్యలో మెత్తగా ఉంటుంది, పెసల తీపి నాలుకకు తెలుస్తుంది. చింతపండు, బెల్లం, ఎండుమిర్చి పడ్డ అల్లం పచ్చడి ఆ తీపిని ఇంకా పైకి తెస్తుంది.

ఈ రుచికి రహస్య దినుసేమీ లేదు, ఉన్నదంతా వేళే. ఇడ్లీపిండికి రాత్రంతా కావాలి, పులిస్తేనే పొంగుతుంది. పెసరపిండి అలా కాదు. పొట్టు తీయని పెసలు పిడికెడు బియ్యంతో నానబోసి, పొద్దున్నే అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి, రుబ్బగానే పోసెయ్యాలి. ఆగితే రంగు మారుతుంది, పులుపెక్కుతుంది. అందుకే పెద్దమ్మ ఒకేసారి రుబ్బి పెట్టుకోదు. ఐదింటికి ఒక వాయి, ఏడింటికి ఇంకో వాయి. మూడో వాయి లేదు.

పదండి, ఎనిమిదిన్నరకల్లా బందరు రోడ్డుకి. చాలా ఊళ్ళలో శాఖలున్న టిఫిన్ హోటలు ఇది. అద్దాల తలుపు, ఏసీ, తుడిచి మెరిపించిన బల్లలు. కౌంటరు దగ్గర డబ్బు కట్టి టోకెన్ తీసుకున్నాం. బిల్లు అడుగున రెండున్నర చొప్పున రెండు వరుసలు, మొత్తం 5 శాతం జీఎస్టీ. ఈ చోటు మీద నాకు చిన్నచూపు లేదు. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ ఆ వరండాలో స్టూలు మీద కూర్చోలేదు, ఇక్కడ వీపు ఆనించుకుని తింటుంది. చేతులు కడుక్కునే చోటు శుభ్రంగా ఉంది, ఆడవాళ్ళకి బాత్‌రూమ్ ఉంది. ఇడ్లీ వచ్చింది. తెల్లగా, దూదిలా ఉంది, లోపం చెప్పలేం. హైదరాబాద్ శాఖలో తిన్నా ఇదే ఇడ్లీ. ప్రయాణంలో ఉన్నవాడికి, కడుపు భయం ఉన్నవాడికి ఆ భరోసా చిన్నది కాదు.

ఇప్పుడు పెసరట్టు. చూడ్డానికి అందంగా ఉంది, కాగితంలా పల్చగా, ఎర్రగా కాలింది. నోట్లో పెట్టుకుంటే పెసల తీపి లేదు. చివర్న సన్నటి పులుపు. సూపర్‌వైజర్‌ని అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు: "పిండి అంతా ఒకే కిచెన్‌లో రుబ్బుతారండి. రాత్రే వ్యాన్‌లో వచ్చేస్తుంది, ఫ్రిజ్‌లో పెడతాం."

అన్ని శాఖల్లో ఒకే రుచి రావాలంటే పిండి ఒకేచోట తయారవ్వాలి, చలువలో ఉండాలి. ఇడ్లీపిండి ఈ పద్ధతిని తట్టుకుంటుంది, చల్లదనం పులుపుని నెమ్మదింపజేస్తుంది కాబట్టి. పెసరపిండి తట్టుకోదు. వంటవాడి తప్పు కాదిది. అతని చేతికి పిండి వచ్చేసరికే దాని పొద్దు దాటిపోయింది.

టిఫిన్ హోటళ్ళలో పెద్ద పేర్లు చాలావరకు ఒకప్పుడు ఒక్క చోటే ఉండేవి. ఎంటీఆర్ 1924లో బెంగళూరులో మొదలైంది, శరవణ భవన్ 1981లో చెన్నై కె.కె.నగర్‌లో. మన గాంధీనగర్ బాబాయ్ హోటల్‌కి పేరు తెచ్చింది ఇడ్లీ మీద పెట్టిన వెన్న. అందుకని శాఖలు పెరగడం నేరమని నేననను. ఇడ్లీకి, కాఫీకి, అమ్మతో కూర్చుని తినడానికి నేను ఆ బందరు రోడ్డు హోటలుకే వెళ్తాను, మళ్ళీ వెళ్తాను. పెసరట్టుకి మాత్రం వెళ్ళను. దాన్ని రుబ్బిన చెయ్యే పొయ్యాలి, పోసిన చోటే తినాలి.

నాకున్న దిగులు వేరే. వరండా పెద్దమ్మకి అరవై దాటాయి. ఉదయం నాలుగింటికి లేచేది ఆవిడ ఒక్కతే. కొడుకు ఉద్యోగం వేరే ఊళ్ళో. ఆవిడ మానేసిన రోజున ఆ వాయి ఎవరూ రుబ్బరు.

మీ పేటలోనూ ఇలాంటి వరండా ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం ఏడు లోపు వెళ్ళండి, చిల్లర పట్టుకెళ్ళండి. ఎనిమిదింపావు దాటితే గిన్నె కడిగేస్తారు.