రోజంతా బస్తాలు మోస్తున్నాం, మళ్లీ కసరత్తు ఎందుకు?

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో లోడింగ్ పని చేసేవాళ్లను వ్యాయామం గురించి అడిగితే ఈ జవాబే వస్తుంది. మాట సబబుగానే అనిపిస్తుంది. కానీ గుండె లెక్క వేరు.

బరువు ఎత్తేటప్పుడు బిగుసుకున్న కండరం తన లోపలి రక్తనాళాలను నొక్కుతుంది. దారి ఇరుకైతే గుండె మరింత బలంగా రక్తాన్ని నెట్టాలి. దానికి తోడు ఊపిరి బిగబట్టామంటే బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. 1985లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ పరిశోధకులు బాడీబిల్డర్ల చేతి ధమనిలోనే గొట్టం పెట్టి కొలిచారు. రెండు కాళ్లతో భారీ బరువు నెట్టేటప్పుడు సగటు బీపీ 320/250! బరువు దించగానే కొన్ని సెకన్లలో దిగిపోయింది. ఆరోగ్యంగా ఉన్న నాళాలు దీన్ని తట్టుకుంటాయి. తెలియకుండా హైబీపీ ఉన్నవారికి, గుండె నాళాల్లో పూడిక ఉన్నవారికి ఇదే ముప్పు.

2021 అక్టోబర్ 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే గుండెపోటుతో చనిపోయారు. వ్యాయామం చేశాకే ఛాతీలో నొప్పి వచ్చిందని తెలిసి మనవైపు కూడా చాలామంది జిమ్ అంటే భయపడ్డారు. అయితే వారానికి రెండు రోజులు ఓ మోస్తరు బరువులతో చేసే కసరత్తు బీపీని తగ్గిస్తుంది, కండరాలు రక్తంలోని షుగర్‌ను బాగా వాడుకునేలా చేస్తుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో చెప్పింది కూడా ఇదే.

మరి బస్తాలు మోయడం ఎందుకు లెక్కలోకి రాదు? డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో లక్షమందికి పైగా జనాన్ని సుమారు పదేళ్లు గమనించి 2021లో ఫలితాలు ప్రకటించారు. తీరిక వేళల్లో ఒళ్లు వంచినవారికి గుండె జబ్బులు తగ్గాయి. ఉద్యోగంలోనే ఒళ్లు హూనమయ్యేవారికి పెరిగాయి. పరిశోధకులు చెప్పే కారణం: కసరత్తులో పది నిమిషాలు శ్రమ, తర్వాత విశ్రాంతి. డ్యూటీలో ఎనిమిది, పన్నెండు గంటలు బీపీ, గుండె వేగం పెరిగే ఉంటాయి, కోలుకునే టైమ్ దొరకదు. ఓవర్‌టైమ్ చేసేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకే అలిసిపోయి వచ్చిన రోజు బరువుల జోలికి పోవద్దు. సెలవు రోజు, ఇంకో తేలిక రోజు చాలు. జిమ్ ఫీజు కట్టలేకపోతే బస్కీలు, దండీలు ఉన్నాయి. బడిలో శిక్షగా వేయించిన గోడకుర్చీ కూడా మంచిదే. కదలకుండా బిగించి చేసే ఇలాంటి కసరత్తులే బీపీని ఎక్కువగా తగ్గిస్తున్నాయని 2023లో 270 అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. రెండు నిమిషాలు కూర్చుని, కాసేపు ఆగి, మొత్తం నాలుగుసార్లు, వారానికి మూడు రోజులు. మొదట్లో అరనిమిషమే గగనం, ఫర్వాలేదు. ఊపిరి మాత్రం బిగబట్టొద్దు. బరువు ఎత్తేటప్పుడు వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. రంజాన్‌లో అయితే ఇఫ్తార్ అయ్యి నీళ్లు బాగా తాగాకే.

40 దాటినవారు, బీపీ, షుగర్ ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు ముందు డాక్టర్‌కు చూపించుకోవాలి. ఈఎస్ఐ కార్డు ఉంటే రామచంద్రాపురం ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది. కసరత్తులోనైనా డ్యూటీలోనైనా ఛాతీ పట్టేసినా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చల్లటి చెమటలు పట్టినా గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.